బానెట్ లేస్తే మా బావ లేస్తాడు

ఎక్కడైనా పాత కారు బానెట్ లేచిందంటే మా బావ వెండెల్ క్రూగర్ నోరు కూడా లేస్తుంది. ఆయనకున్న వింత గుణం ఇదొక్కటే. మిగతా విషయాల్లో పరమ సాధువు. మా అక్క లొరెయిన్ మాడబెట్టిన మీట్‌లోఫ్‌ను మారుమాట లేకుండా తింటాడు. పక్కింటివాడు తన వాకిట్లో పడ్డ మంచునంతా ఎత్తి ఈయన గుమ్మంలో పోస్తే, "పోనీలే, వాడికి నడుంనొప్పి, దూరం పొయ్యలేడు," అంటాడు. అలాంటి మనిషి, బానెట్ లేచిన చప్పుడు వినపడితే చాలు, చేతిలో కాఫీ ఎవరి చేతిలోనో పెట్టేసి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, కారుకు అడ్డంగా నిలబడి వాదం మొదలుపెడతాడు.

వాదం కూడా ఒక్కటే. దాచుకోదగ్గ కారు ఏది, రేపు ధర పలికే కారు ఏది? పెద్ద ఇంజిన్‌తో ఉరిమే మన అమెరికా మజిల్ కారా, యూరప్ స్పోర్ట్స్ కారా? ఇంతకీ ఆయనది ఏ పక్షం అంటే చెప్పడం కష్టం. ఎదుటివాడిది అమెరికా కారయితే ఈయన యూరప్ పక్షం. ఎదుటివాడిది యూరప్ కారయితే ఈయన అమెరికా జెండా పట్టుకుంటాడు. సొంతానికి ఆయన నడిపేది గోధుమరంగు వ్యాను. దాని బానెట్ ఎత్తి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

పోనీ తెలియక వాగుతాడా అంటే అదీ కాదు. డెట్రాయిట్ పక్కన కార్ల ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసి, రిటైరయ్యాక పాత కార్లకు వెల కట్టడం మొదలుపెట్టాడు. మా మిషిగన్‌లోనే కాదు, ఒహాయో, ఇండియానాల్లో కూడా బీమా కంపెనీలవాళ్ళు ఆయన సంతకం చూశాక మరో ప్రశ్న వెయ్యరు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు వేసిన చప్పుడు విని, "ఈ తలుపు ఈ కారుతో పుట్టింది కాదు," అంటాడు. విప్పి చూస్తే నిజమే అయ్యుంటుంది. బావమరిదిని కాబట్టి నేను ఆ విద్యను పక్కనుండి ఎన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. కాగితం మీద అంత ధర్మకాటా లాంటి మనిషి, మాట దగ్గరికొచ్చేసరికి ఇలా ఎందుకు తయారయ్యాడో మాకెవరికీ అంతుబట్టలేదు.

ప్రతి శనివారం పొద్దున మా క్లబ్బు వాళ్ళం హెలెన్ పాన్‌కేకుల హోటల్ వెనక పార్కింగులో చేరతాం. మడత కుర్చీలు, కాఫీ, ఎండకు మెరిసే కార్లు. నాదొక జీటీఓ, ముదురు ఆకుపచ్చ మజిల్ కారు. లిండ్‌క్విస్ట్ అనే పళ్ళ డాక్టరమ్మది తెల్ల జాగ్వార్, యూరప్‌ది. కానీ ఆ వరసకు రాజు క్లెమ్ బార్తోష్ గారి షెవెల్, అదీ మజిల్ కారే. ఎర్రటి ఒళ్ళు, నల్లటి చారలు. స్టార్ట్ చేస్తే హెలెన్ బల్లల మీద చెంచాలు కదులుతాయి, పక్కన నిలబడ్డవాడికి చెవులకన్నా ముందు పక్కటెముకలకు వినపడుతుంది. ఒకప్పుడు కుర్రాళ్ళు ఎండాకాలమంతా ఫ్యాక్టరీలో చాకిరీ చేసి, వాయిదాల మీద కొనుక్కున్న కారు అది. ఈవేళ సిసలైనదయితే దాని ధరకు మా వీధిలో ఇల్లొస్తుంది. దాని ముందు నిలబడినప్పుడల్లా, ఇంత అందాన్ని జీతం డబ్బులకు అమ్మిన రోజులు కూడా ఉండేవా అని అబ్బురం వేస్తుంది.

సిసలైనదంటే మావాళ్ళ లెక్కలో ఒకటే అర్థం. ఫ్యాక్టరీలో కారు పుట్టినప్పుడు ఏ ఇంజిన్ పెట్టారో ఆ ఇంజినే ఇప్పటికీ అందులో ఉండాలి. ఇంజిన్ మీద కొట్టిన అంకెలూ, ముందు అద్దం కింద రేకు మీది అంకెలూ కలవాలి. కలిస్తే వజ్రం, కలవకపోతే గాజు. నడకలో పిసరంత తేడా ఉండదు, ధర మాత్రం పాతాళానికి పోతుంది. క్లెమ్ తన షెవెల్ పుట్టు ఇంజిన్‌తోనే ఉందని కొన్న రోజు నుంచీ ఊరంతా చెప్పుకున్నాడు.

ఒక శనివారం టొలీడో నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "లోపల ఒకసారి చూడొచ్చాండీ?" అని అడిగాడు. క్లెమ్ మురిసిపోతూ బానెట్ ఎత్తాడు. టొలీడో ఆయన అలా వంగాడో లేదో, మా బావ ప్రత్యక్షమయ్యాడు.

"ఏం చూస్తారండీ అందులో? ట్రాక్టరుకి ఎర్ర రంగేశారు."

"నోరు జాగ్రత్త, వెండెల్!" అన్నాడు క్లెమ్.

"జాగ్రత్తగానే చెప్తున్నా. ఇలాంటివి ఆ రోజుల్లో పప్పుబెల్లాల్లా పంచిపెట్టారు. అదే ఇటలీలో అయితే ఒక ముసలాయన సుత్తి పట్టుకుని రేకు రేకూ చేత్తో వంచేవాడు. ఏడాదికి నాలుగు కార్లు బయటికొస్తే గొప్ప. ఏది అపురూపం, నువ్వే చెప్పు!"

"పంచిపెట్టారు, సరే. మిగిలినవెన్నోయ్? సగం కుర్రాళ్ళు చెట్లకి గుద్దేశారు. సగం చలికాలంలో రోడ్డు మీద చల్లిన ఉప్పు తినేసింది. ఆ మిగిలినవాటికే ఈ ధర!"

"ఆ ధర ఎన్నాళ్ళుంటుంది? మీసాలు మొలవనప్పుడు ఈ కారు కోసం కలలు కన్నవాళ్ళే ఇప్పుడు కొంటున్నారు. మీరంతా పోయాక ఎవడు కొంటాడు? యూరప్ కారంటావా, టోక్యోలోనూ గిరాకీ, దుబాయ్‌లోనూ గిరాకీ."

"మేమంతా పోతాం, నువ్వు మాత్రం కాకిలా కలకాలం ఉంటావా?"

ఇక చూసుకోండి. కాఫీలు వదిలేసి జనం మూగారు. టొలీడో పెద్దమనిషి కూడా తల పైకెత్తి, మా క్లెమ్ పక్షాన చేరి, ఇటలీ వాళ్ళ వైరింగు మీద నాలుగు మాటలు విసిరాడు. ఈ గొడవలో బానెట్ ఎవరు దించారో ఎవరూ గమనించలేదు. టొలీడో ఆయన రెండు ప్లేట్ల పాన్‌కేకులు తిని, ఇంజిన్ సంగతే మరిచిపోయి ఊరికి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ జాగ్వార్ దగ్గరికొస్తే కథ తిరగబడేది. "డాక్టరు గారూ, ఈ కారు రోడ్డు మీదకన్నా షెడ్డులో ఎక్కువ కాలం ఉంది. మన షెవెల్ అయితే ఏ పల్లెలో ఆగిపోయినా సుత్తి ఉన్న ప్రతివాడూ బాగుచేస్తాడు. దీనికి మర కావాలంటే సముద్రం దాటాలి!"

"అందుకేనండీ దీనికంత గౌరవం. తేలిగ్గా దొరికేదానికి ఎవరు ప్రాణం పెడతారు?"

"ప్రాణం పెట్టండి, కాదనను. పర్సు మాత్రం పెట్టకండి."

"వెండెల్ గారూ, మంగళవారం మీ దవడపన్ను పీకాలి. ఈ మాట అప్పుడు అందురుగాని."

అన్నాడు కూడా. నోట్లో దూది పెట్టుకుని, చెయ్యి ఊపుతూ, అమెరికా పక్షాన వాదించాడట. ఏమన్నాడో నర్సుకు అర్థం కాలేదు గానీ, డాక్టరమ్మకు మాత్రం ప్రతి ముక్కా అర్థమై, పన్ను పీకడం ఆపి జవాబు చెప్పిందట.

మా అమ్మాయి పెళ్ళిలో కూడా మా బావ ఊరుకోలేదు. నా జీటీఓకు రిబ్బన్లు కట్టి చర్చి ముందు నిలబెట్టాం. పెళ్ళికొడుకు వాళ్ళ బాబాయి ముచ్చటపడి అడిగితే నేను బానెట్ ఎత్తాను. ఫోటోకు నిలబడ్డ మా బావ, ఫోటో మధ్యలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఇప్పటికీ ఆ ఫోటోలో మా అక్క పక్కన ఒక మసక చార కనిపిస్తుంది, అది మా బావే. చివరికి పాదిరిగారే బయటికొచ్చి, "ఏమిటయ్యా ఈ గోల?" అన్నారు. "ఫాదర్, మీరే న్యాయం చెప్పండి," అన్నాడు మా బావ. పాదిరిగారు చదువుకునే రోజుల్లో రోములో ఫియట్ నడిపారట. అంతే, ఆయనా దిగారు. ఆఖరికి పెళ్ళికూతురే గౌను పైకెత్తి పట్టుకుని వచ్చింది.

"మావయ్యా! ఇది నా పెళ్ళా, నీ కోర్టా?"

"నీ పెళ్ళేనమ్మా, ఒక్క ముక్క చెప్పి వచ్చేస్తా."

ఒకసారి జలుబు చేసి ఆయన గొంతు పూర్తిగా పోయింది. హమ్మయ్య అనుకున్నాం. మంచం దిగొద్దని డాక్టరు చెప్పినా శనివారానికి మెడకు మఫ్లర్ చుట్టుకుని హాజరయ్యాడు. క్లెమ్ బానెట్ లేవగానే అడ్డంగా నిలబడి మూకాభినయం మొదలుపెట్టాడు. ఇటలీ కారు పేరెత్తాలంటే వేళ్ళు ముద్దుపెట్టుకునేవాడు. షెవెల్ అనాలంటే నాగలి లాగుతున్న గుర్రంలా నడిచి చూపించేవాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. బానెట్ లోపలికి తొంగిచూసినవాడు ఒక్కడు లేడు. "చిలక్కి చెప్పినట్టు చెప్పానురా రోలీ. ఈయన నోట్లో నువ్వుగింజ నానదు. నోరే లేనప్పుడు కూడా నానదని ఇవాళే తెలిసింది," అని మా అక్క తలబాదుకుంది.

కిందటి ఆగస్టులో క్లెమ్‌కు డెబ్బై అయిదు నిండుతున్నాయని క్లబ్బు వాళ్ళమంతా కూడి ఒక ఏర్పాటు చేశాం. ఇల్లినాయ్ నుంచి ప్రెస్కాట్ అనే పరీక్షకుణ్ణి పిలిపించి, ఏటా జరిగే మా ప్రదర్శనలో, ఊరందరి ముందూ, షెవెల్ ఇంజిన్ అంకెలు చూపించి, సిసలైనదని ఇత్తడి పలక బిగించాలని. క్లెమ్‌కు చెబితే, ఒకసారి చక్కెర వేసిన కాఫీలోనే మళ్ళీ చక్కెర వేసుకున్నాడు. తర్వాత, "మీ అందరి అభిమానం," అన్నాడు. మా బావ చేతిలో డోనట్ మాత్రం కింద పడింది.

"ఇప్పుడెందుకు ఈ ఖర్చు?" అన్నాడు.

"ఖర్చు క్లబ్బుది. మధ్యలో నీకేం నొప్పి?" అన్నాన్నేను.

"ప్రెస్కాట్ వద్దురా. అతని కన్ను మంచిది కాదు."

"మంచి కన్నని కాదూ పిలుస్తున్నది! పోనీ, నువ్వే చూసి రాసిస్తావా బావా?"

మా బావ బల్లకేసి చూస్తూ, "నేను రాయను," అన్నాడు. గదిలో అందరికీ మనసు చివుక్కుమంది. తనను పిలవలేదని కుళ్ళుకుంటున్నాడని కొందరు పైకే అన్నారు. నాకూ ఒళ్ళు మండింది. ప్రదర్శన రోజు నోరు విప్పనని మా అక్క ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. క్లెమ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొడుకులూ కోడళ్ళూ మనవరాళ్ళ మధ్య నిలబడ్డాడు. ఆయన చొక్కా గుండీలు మాటిమాటికీ సవరించుకుంటుంటే సంతోషమనుకున్నాను. అంకెలు కలిస్తే కారుకు పలక. కలవకపోతే ఇన్నేళ్ళ ఆయన మాట ఊరందరి ముందూ అబద్ధమైపోతుంది. కలవకపోవడమేమిటని నా ధీమా. ప్రెస్కాట్ సన్నగా, పొడుగ్గా, మాటకు సుంకం కట్టేవాడిలా ఉన్నాడు. పుల్లకు బిగించిన చిన్న అద్దం, టార్చిలైటు తీశాడు. "తెరవండి," అన్నాడు. బానెట్ లేచింది.

మా బావ ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన ప్యాంటును భుజాలకు తగిలించే గ్యాలిస్ పట్టీ మా అక్క పిడికిట్లో ఉంది. ప్రెస్కాట్ గుడ్డముక్కతో ఇంజిన్ మీద జిడ్డు తుడిచాడు. మా బావ లేచాడు. గ్యాలిస్ సాగింది. ఆయన ముందుకు అడుగేశాడు. అది మా అక్క చేతిలోంచి జారి టప్పున వీపుకు తగిలింది. అయినా ఆగలేదు.

"ఏముందండీ చూడ్డానికి? ట్రాక్టరుకి ఎర్ర రంగు..."

"కూర్చోవయ్యా! ఇవాళ కూడానా?" అని జనం అరిచారు. ప్రెస్కాట్ తలెత్తలేదు. ఇటలీ ముసలాయన సుత్తి, టోక్యో గిరాకీ, అన్నీ అయ్యాయి. ఆ మనిషి రాయి. అద్దం పుల్ల లోపలికి దించుతున్నాడు. మా బావ మొహాన చెమటలు. అటూ ఇటూ చూశాడు. దూరంగా నీడలో ప్రెస్కాట్ వచ్చిన కారు కనపడింది, వెండిరంగు ఆల్ఫా రోమియో, తుడిచి తుడిచి అద్దంలా ఉంది. మా బావ ఊపిరి పీల్చుకుని, పక్షం మార్చాడు.

"ఆ నీడలో ఇటలీ డబ్బా ఎవరిదండీ? దాన్ని అమ్మితే ఈ షెవెల్‌కి టైర్లు కూడా రావు!"

అద్దం పుల్ల ఆగింది. ప్రెస్కాట్ మెల్లిగా నడుం ఎత్తాడు.

"టైర్లా?" అన్నాడు.

"నాలుగు కాదు, రెండే. అవీ పాతవి."

తాడి దన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడంటారు. ఆ మధ్యాహ్నం అది కళ్ళారా చూశాను. ఆ మూగ మనిషి కోటు విప్పాడు, టై వదులు చేశాడు, గేర్ల సంగతి నుంచి కొండదారుల్లో మలుపుల దాకా ఊదరగొట్టాడు. మా బావ తిన్నటి రోడ్డు మీద ఒక ఊపులో వచ్చే ఉరుము గురించి చెబుతుంటే, షెవెల్‌ను నేనే కొత్తగా చూస్తున్నట్టనిపించింది. ప్రెస్కాట్ చేత్తో వంచిన రేకు గురించి చెబుతుంటే, ఆల్ఫా ముందు చెప్పులు విప్పాలనిపించింది. రెండు మతాలకూ ఇంతకన్నా గొప్ప పూజారులు ఉండరు. బ్యాండువాళ్ళు వాయించడం ఆపి కుర్చీలు తెచ్చుకున్నారు. ఐస్‌క్రీమ్ బండివాడు గంట కొట్టడం మానేశాడు. నా కోపం సంగతి నాకే గుర్తులేదు.

పొద్దు వాలాక ప్రెస్కాట్ వాచీ చూసుకుని ఉలిక్కిపడ్డాడు. చీకటిపడకుండా షికాగో దారి పట్టాలట. మా బావ చెయ్యి రెండు చేతులా పట్టుకుని, "అందరూ నన్ను వెల అడుగుతారే గానీ, నాతో ఇలా పోట్లాడినవాళ్ళు లేరండీ," అన్నాడు. క్లెమ్‌తో, "వచ్చే ఏడు తప్పకుండా చూస్తాను," అని ఆల్ఫా ఎక్కి వెళ్ళిపోయాడు. ఇత్తడి పలక పెట్టెలోనే ఉండిపోయింది.

దాన్ని చూశాక నాకు తెలివొచ్చింది. అగ్గిమీద గుగ్గిలమైపోయి క్లెమ్ దగ్గరికెళ్ళాను. ఆయన ఒక్కడే షెవెల్ తుడుచుకుంటున్నాడు.

"క్షమించు క్లెమ్. మా బావ నీ పండగ పాడుచేశాడు. ఇవాళ ఆయన సంగతి..."

"ఏమీ అనకు రోలీ. ఈ ఇంజిన్ ఈ కారుది కాదు."

పరాచికమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"కొన్న కొత్తల్లోనే తెలిసింది. ఎవడో పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టాడు. అప్పటికే అమ్మినవాడు పత్తా లేడు. మా ఆవిడ దీంట్లో షికారు తిరిగి చిన్నపిల్లలా నవ్వేది. ఆవిడకి చెప్ప బుద్ధి కాలేదు. ఆవిడ పోయాక ఇంకెవరికీ చెప్ప బుద్ధి కాలేదు."

"మరి మా బావకి..."

"ఆ కంటికి మొదటిరోజే తెలిసుంటుంది. నాకు తెలీదనుకుంటున్నాడు, వెర్రినాయన. తెలిస్తే నా గుండె పగులుతుందని ఇన్నేళ్ళూ బానెట్‌కి అడ్డంపడుతున్నాడు. అదే నేను అమ్మకానికి పెట్టాననుకో, తనే ముందు నిజం రాసి కొనేవాడి చేతిలో పెడతాడు. ఎవరినీ ముంచనివ్వడు."

"ఇవాళ వద్దనకపోయావా మరి?"

"మీరంతా అంత ముచ్చటపడితే ఎలా వద్దనను? పోతే పోయింది పరువు అనుకుని వచ్చాను. ఇంతలో వాడు లేచాడు." క్లెమ్ గుడ్డ మడతపెట్టాడు. "అంకెలు కలిసిన కారు డబ్బుంటే ఎవడికైనా దొరుకుతుందిరా. ఇలాంటివాడు దొరకడు."

"నీకు తెలుసని ఆయనకి చెప్పనా?"

"చెప్పావంటే కాళ్ళు విరగ్గొడతా! తెలిస్తే వాదం మానేస్తాడు. శనివారాలు మనం ఏం చేసుకు చావాలి?"

తిరిగొస్తూ చూస్తే, మా బావ తన వ్యానులో కూర్చుని గొంతుకు బిళ్ళ చప్పరిస్తున్నాడు. పక్కన మా అక్క మొహం అటు తిప్పుకుని ఉంది. నోట్లో నువ్వుగింజ నానదని పేరుపడ్డ మనిషి ఇంత మాట ఇన్నేళ్ళు కడుపులో దాచాడు. పాత కార్లను చూసి అబ్బురపడటమే నాకు తెలుసు, మనిషిని చూసి అంత అబ్బురపడటం అదే మొదటిసారి. తిడదామని వెళ్ళినవాణ్ణి, "చల్లగాలి తగిలేను, అద్దం ఎత్తుకో బావా," అని వచ్చేశాను.

తర్వాతి శనివారం ఒహాయో నుంచి వచ్చిన దంపతులు నా జీటీఓ ముందు ఆగారు. "ఎంత బాగుందో! ఇది పుట్టు ఇంజినేనా?" అంది ఆవిడ.

"నూటికి నూరుపాళ్ళు," అన్నాను, ఎప్పట్లాగే. బానెట్ ఎత్తుతూ ఎందుకో లోపలికి చూడలేదు, మా బావకేసి చూశాను. ఆయన అవతలి కొసన, నోటినిండా పాన్‌కేకుతో, డాక్టరమ్మతో ఏదో చెబుతున్నాడు. ఇటు చూసే అవకాశమే లేదు. బానెట్ కీచుమంది. ఆయన తల తిరిగింది. ప్లేటు డాక్టరమ్మ ఒళ్ళో పెట్టేసి, మూతి తుడుచుకుంటూ, జనాన్ని తోసుకుంటూ వచ్చేశాడు.

"ఏముందండీ అందులో చూడ్డానికి?" అన్నాడు ఆ దంపతులకు అడ్డంగా నిలబడి. "బాయిలరుకి ఆకుపచ్చ రంగేశాడు మా బావమరిది. కారంటే జర్మనీవాడిదండీ!"

అంటే, నా జీటీఓలో ఇంజిన్ కూడా...? కాసేపు మా బావ మొహంలోకే చూశాను. ఆయన కళ్ళు మాత్రం ఇటు తిప్పలేదు. తర్వాత నాకు నవ్వొచ్చింది. బానెట్ దించి, గట్టిగా నొక్కి, చొక్కా చేతులు పైకి మడిచాను.

"జర్మనీవాడికేం తెలుసు బావా ఉరుమంటే?" అన్నాను. అప్పటికే జనం కుర్చీలు లాక్కుంటున్నారు.